అడక్కూడని చుట్టకుదురు

రంగూన్‌లో లత అనే పేటలో నేను ఇంగ్లీషు చెప్పే ట్యూషన్ సెంటరుకి ఏడాదికోసారి అమెరికా నుంచి ఓ పెద్ద అట్టపెట్టె వస్తుంది. అందులో ఏ మందులో, చార్జింగు లైట్లో ఉంటే కరెంటు నిలవని ఈ ఊళ్ళో నలుగురికి పనికొచ్చేవి. ఉండేవి నవలలు. సెంటరు నడిపే ఆవిడ ఇక్కడే పుట్టిన చీనా మనిషి. ఆవిడ చెల్లెలు వయసులో ఉండగా తైవాన్ వెళ్ళిపోయి, అక్కడి మనిషిని కట్టుకుని, తర్వాత ఇద్దరూ అమెరికా చేరారు. వాళ్ళ కూతురు అమెరికాలోనే పుట్టి పెరిగింది. ఆ పిల్ల చదివి పక్కన పడేసిన టీనేజ్ నవలలు ఓడెక్కి, సముద్రాలు దాటి, మా బెంచీల మీదికి వస్తాయి. వాటితో పిల్లలకి చదవడం అలవాటు చెయ్యడం నా ఉద్యోగం.

నాకు నలభై దాటాయి. పదహారేళ్ళ పిల్ల కష్టాలు చదివి కళ్ళు తుడుచుకునే వయసు కాదు. అయినా పెట్టెలో వచ్చినవన్నీ చదివాను, ఒక్కటీ వదల్లేదు. తిట్టుకోవడానికైనా చదవాలి కదా.

అన్నిటిలోనూ ఒకటే పిల్ల. తైవాన్ నుంచి వచ్చిన తల్లిదండ్రులకి అమెరికాలో పుట్టిన పిల్ల. బళ్ళో మధ్యాహ్నం డబ్బా మూత తీస్తుంది, పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటారు. అంతే, ఆ రోజు నుంచి తనెవరో తనకి తెలియకుండా పోతుంది. ఎవరో ముక్కు మూసుకున్నంత మాత్రాన మనిషి తనెవరో మర్చిపోయేటట్టయితే, ఎండుచేపల కొట్ల మధ్య పెరిగిన మేమంతా ఈపాటికి పేర్లు కూడా లేకుండా తిరుగుతూ ఉండాలి. ఆ తర్వాత తల్లి వస్తుంది. ఆ తల్లికి పొద్దస్తమానం ఒకటే ధ్యాస, కూతురు డాక్టరు కావాలి. కూతురికేమో బొమ్మలు వెయ్యాలనో, కేకులు చెయ్యాలనో. నూటికి ఒక మార్కు తగ్గితే ఆ ఒక్కటీ ఏమైందని నిలదీస్తుంది తల్లి. ప్రేమగా ఒక్క మాట అనదు. అనడానికి బదులు పళ్ళు ముక్కలు కోసి, ప్లేటులో పెట్టి, పిల్ల గదిలోకి తెచ్చి ఇస్తుంది. పుస్తకం సగానికి వచ్చేసరికి పిల్ల వేసవి సెలవులకి తైపే వెళ్తుంది, రాత్రి బజారులో ఏదో తింటుంది, అమ్మమ్మ ఒక రహస్యం చెబుతుంది. చివర్లో తల్లీకూతుళ్ళు కారులో కూర్చుని దెబ్బలాడుకుంటారు. ఎందుకో తెలీదు, ఎప్పుడూ కారులోనే. ఇది నా జీవితం అంటుంది కూతురు. తల్లి ఏడుస్తుంది. పళ్ళ ప్లేటు మళ్ళీ వస్తుంది. కథ కంచికి.

ఆ అమెరికా పిల్ల వీటిని పెన్సిలు పట్టుకుని చదివింది. తల్లి నోరు విప్పిన చోటల్లా పక్కన రాసిపెట్టింది, అచ్చం మా అమ్మే అని. ఏ పుస్తకం తీసినా అదే రాత, అచ్చం మా అమ్మే. తైవాన్ నుంచి అమెరికా వెళ్ళిన తల్లులందరినీ ఒకే అచ్చులో పోసి పంపారా అనుకున్నాను. ఒకసారి చిరాకు పుట్టి ఆ రాత కింద నేనూ పెన్సిలుతో రాశాను, మా అమ్మ కాదు అని. రాశాక నాకే వెగటుగా అనిపించి తుడిపేశాను.

మా క్లాసు పిల్లలకి మాత్రం ఆ పుస్తకాలంటే ఇష్టం. కథ కోసం కాదు. ఆ ఇంట్లో ఎన్ని గదులున్నాయి, ఫ్రిజ్ ఎంత పెద్దది, పిల్లకి సొంత స్నానాలగది ఉందా అని వెతుక్కుంటూ చదువుతారు. బంగారం కొట్టు వాళ్ళమ్మాయి ఒకతె, ఎప్పుడూ పెదవి విప్పనిది, ఓ రోజు చెయ్యెత్తింది. ఇక్కడ పంతులమ్మని సెయామా అంటారు. "సెయామా, ఈమె ఇంట్లో కరెంటు ఒక్కసారి కూడా పోలేదు. మరి ఏడుపెందుకు?" అని అడిగింది. ఆ పిల్లకి ఆ రోజు వేసినన్ని మార్కులు నేను ఏ జవాబుకీ వెయ్యలేదు.

ఇంతా చేసి నా కోపం ఆ నవలల్లో పిల్ల ఏడుపు మీద కాదు. వాళ్ళమ్మని చూస్తే నాకు అసూయ. అవును, ఆ మార్కుల పిచ్చి తల్లిని చూసే. ఎందుకంటే మా అమ్మ నన్ను జన్మలో ఏదీ కమ్మనలేదు.

మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. మా తాతా అదే రేవులో అవే బస్తాలు మోశాడు. నాయనమ్మ నెత్తిన గంప పెట్టుకుని వీధి వీధీ తిరిగి పప్పు వడలు అమ్మింది. మా నాన్న పోయాక అదే గంప మా అమ్మ ఎత్తుకుంది. అలాంటి ఇంట్లో నేను క్లాసులో ఫస్టు వచ్చాను. మార్కుల కాగితం పట్టుకుని మెట్లన్నీ పరిగెత్తుకుంటూ ఎక్కాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అన్నం తిన్నావేటి అని అడిగింది. ఆ తైవాన్ తల్లి పోయిన ఒక్క మార్కు గురించి అడుగుతుంది. మా అమ్మ వచ్చిన మార్కుల గురించి కూడా అడగలేదు.

ఈ దేశంలో ఏం చదవాలన్నది మనం కాదు, పదో తరగతి మార్కులు తేలుస్తాయి. నా మార్కులకి ఇంజనీరింగు వచ్చేది. ఇంటికొచ్చి, ఇంజనీరింగు వద్దు, ఇంగ్లీషు చదువుతాను అన్నాను. అమ్మ అడ్డుపడుతుందేమో చూద్దామని అన్నమాట అది. అడ్డుపడి ఉంటే సంతోషంగా ఇంజనీరింగులో చేరేదాన్ని. "నీ ఇష్టమే అమ్మీ" అంది. తర్వాత నది అవతలి ట్వంటే ఊరి నుంచి ఒక సంబంధం వచ్చింది, పొలమూ పడవా ఉన్నవాళ్ళు. నాకొద్దన్నాను. నీ ఇష్టం అంది. లతలో ఈ ఉద్యోగం దొరికిందన్నాను. నీ ఇష్టం అంది. చుట్టుపక్కల ఆడవాళ్ళు నా పెళ్ళి గురించి ఆరా తీస్తే, దాని ఇష్టం అని తేల్చేసేది. ఇంటి ముందుకి ఎవరో వదిలిపోయిన పిల్లిని కూడా ఇంతకన్నా పట్టించుకుంటారు. కనీసం ఎలకల్ని పట్టమంటారు.

మా అమ్మ గట్టిగా పట్టించుకునేది ఒకటే, ఘటం. అమ్మవారి పండగకి మా తెలుగు గుళ్ళో కొన్ని ఇళ్ళ ఆడవాళ్ళు ఘటాలు ఎత్తుతారు. మా ఇంటికి ఆ వంతు ముత్తవ్వ నాటి నుంచీ ఉంది. కొత్త కుండలో పసుపు నీళ్ళు పోసి, వేపమండలు పెట్టి, పైన దీపం వెలిగించి, తల మీద పెట్టుకుని డప్పులతో వీధులన్నీ తిరగాలి. దీపం ఆరకూడదు, కుండ తొణకకూడదు. ఎదురొచ్చిన బర్మా వాళ్ళు కూడా చెప్పులు విడిచి, అమ్మ కాళ్ళ మీద నీళ్ళు పోసి దండం పెట్టుకుంటారు. ఏడాదంతా వడలమ్మి అని పిలిచినవాళ్ళే ఆ ఒక్క పూట ఆవిడ కళ్ళలోకి చూడరు.

కుండకీ తలకీ మధ్య చుట్టకుదురు ఉంటుంది. నెత్తిన బరువు మోసే ఏ ఆడదానికైనా తెలిసిందే, పాతగుడ్డని గుండ్రంగా చుట్టి పెట్టుకునేది. మా ఇంట్లో దానికో పద్ధతి ఉంది. అంతకు ముందు ఘటం ఎత్తిన మనిషి పాత చీరతోనే కొత్త మనిషికి కుదురు చుట్టాలి. ఎవరికి ఇచ్చేదీ ముందుగా చెప్పరు. పండగ పొద్దున్న పెద్దావిడ వెనక నుంచి వచ్చి, ఎవరి తల మీద కుదురు పెడితే వాళ్ళదే. పెట్టాక రెండు అరచేతులతో గట్టిగా నొక్కుతుంది, మెడ నిలుస్తుందో లేదో చూడ్డానికి. అన్నిటికన్నా పెద్ద నియమం ఇంకోటుంది. అడక్కూడదు. నాకు కావాలి అని ఎవరైనా నోరు తెరిచి అడిగారంటే, ఇక వాళ్ళకి అది లేనట్టే. అమ్మవారి ముందు ఎగబడినట్టు లెక్క.

నాయనమ్మ మా అమ్మకి ఇచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. నేను అప్పటికి చిన్న గౌన్లు వేసుకునేదాన్ని. అమ్మ వంటింట్లో పసుపు నూరుతోంది. నాయనమ్మ వెనక నుంచి వచ్చి కుదురు పెట్టి, ఒళ్ళంతా బరువు చేసి నొక్కింది. అమ్మ చెయ్యి రుబ్బురాయి మీదే ఆగిపోయింది. బరువుందా అని అడిగింది నాయనమ్మ. ఉందత్తా అంది అమ్మ. ఉంటాది మరి, అని నాయనమ్మ వెళ్ళిపోయింది. అమ్మ మొహం ఆ వేళ ఎలా వెలిగిందో, నా మొహం అలా వెలగడం నేను ఏ అద్దంలోనూ చూసుకోలేదు.

నాకది కావాలి. దేవుళ్ళ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. జనం మధ్య తడిసిన బట్టలతో నడవాలన్న సరదా అంతకన్నా లేదు. మా అమ్మ ఎప్పటికైనా ఎవరి మీదైనా పెట్టబోయే బరువు అదొక్కటే. అది నా మీద పెట్టాలి. ఇంగ్లీషు పంతులమ్మకి ఇదేం పిచ్చి అంటే అనండి.

నిరుడు పండగ అయ్యాక అమ్మ మెడ పట్టేసింది. చెయ్యి పైకి లేవలేదు. డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఎముకలు అరిగిపోయాయి, ఇక జన్మలో తల మీద ఏదీ పెట్టకూడదు అన్నాడు. అంటే ఈ ఏడు కుదురు చేతులు మారాలి. మా ఇంటి ఆడవాళ్ళం ఎంతమందిమి గనక. మా వదిన బర్మా మనిషి, బౌద్ధురాలు. మింగళాడోన్ వైపు బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, పండగకి సెలవు కూడా దొరకదు. ఇక మిగిలింది నేనూ, మా మేనకోడలూ.

మేనకోడలు, అంటే మా అన్న కూతురు, చదువు కోసం మా దగ్గరే ఉంటోంది. కాలేజీ వయసు. నా క్లాసులోనే కూర్చుంటుంది. తెలుగులో ఏం చెప్పినా అర్థమవుతుంది, జవాబు మాత్రం బర్మాలో వస్తుంది. ఆ అట్టపెట్టె నవలలు క్లాసంతటిలో నిజంగా తలకెక్కింది దీనికే. ఇక్కడ పుట్టి, ఇక్కడ పెరిగి, ఈ వీధి చివర టీ కొట్టు వాడికి కూడా తనెవరో తెలిసిన పిల్ల, ఓ సాయంత్రం కిటికీ దగ్గర నిలబడి, అత్తా, అసలు నేనెవర్ని అని అడిగింది. మీ నాన్న కూతురివి, వెళ్ళి అంట్లు తోము అన్నాను. నా వైపు చూసిన చూపులో నేను కూడా ఒక తైవాన్ తల్లిని అయిపోయాను. నిజం చెప్పొద్దూ, కాస్త గర్వంగానే అనిపించింది.

గుళ్ళో ఆడవాళ్ళు అప్పటికే దాన్ని చూసి, ఎత్తు సరిపోతుంది, మెడ నిటారుగా ఉంది అని మెచ్చుకోవడం మొదలుపెట్టారు. నన్ను ఎవరూ చూడలేదు. నా మెడ కూడా నిటారుగానే ఉంటుంది. ఇన్నేళ్ళుగా దాని మీద ఏమీ లేదు కదా మరి.

ఘటం కుండ ఎప్పుడూ ట్వంటేలోనే కొంటుంది అమ్మ. ఈ ఏడు మోసుకు రాలేదు గనక మా ఇద్దర్నీ వెంటబెట్టుకెళ్ళింది. పడవ దాటి, బస్సెక్కి, కుమ్మరి వాళ్ళ పాకల దగ్గర దిగాం. ఒక్కో కుండనీ వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని, ఇది కాదు, ఇది కాదు అంటూ పొద్దెక్కే దాకా తిరిగింది. నా జీవితంలో ఏ ఒక్క విషయంలోనైనా ఇది కాదు అని ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటూ ఎండలో నిలబడ్డాను. ఆఖరికి ఒకటి నచ్చింది. మేనకోడలు దాన్ని ఒళ్ళో పెట్టుకుంది.

తిరుగు పడవలో, నది మధ్యకి వచ్చాక, మా పిల్ల గొంతు సవరించుకుంది. ఏం రాబోతోందో నాకు ముందే తెలిసిపోయింది. కారు లేదు గనక పడవని ఎంచుకుంది. మొదలు ఇంగ్లీషులో, తర్వాత బర్మాలో, కావలసిన చోట తెలుగు ముక్కలు అతికిస్తూ ఉపన్యాసం ఇచ్చింది. తను తన సొంత మనిషినని, ఈ కుండ తనది కాదని, పూర్వీకుల ఆశలు మోయడానికి తను పుట్టలేదని. అద్దం ముందు చాలాసార్లు చెప్పుకుని ఉండాలి, ఎక్కడా తడబడలేదు. పక్కనున్న బర్మా ముసలాయన కిళ్ళీ నమలడం మానేసి విన్నాడు.

మా ఇంట్లో ఎవరూ చెయ్యని తప్పు అది. ఎవరూ అడగని దాన్ని వద్దనడం. అడక్కూడదన్న చోట వద్దనకూడదు కూడా. అసలు ఆ ఊసే ఎత్తకూడదు. నవలల్లో పెద్దవాళ్ళు తమకేం కావాలో విడమరిచి చెబుతారు, పిల్లలు విడమరిచి కాదంటారు. మా ఇంట్లో కావాలన్నది చెప్పరు, చేతులతో నెత్తి మీద పెడతారు. ఇది ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. చెప్పడం కూడా పద్ధతి కాదు మరి.

అమ్మ మొత్తం విని, కుండ పడిపోకుండా చేత్తో పట్టుకుని, "సరేలే. ఆకలేస్తందేటి?" అంది. పడవలో జామకాయ ముక్కలు ఉప్పూకారం చల్లి అమ్మే మనిషిని పిలిచి, ఒక పొట్లం కొని మనవరాలి చేతిలో పెట్టింది. పిల్ల నీరుగారిపోయింది. ఏడుపూ లేదు, దెబ్బలాటా లేదు. నేను మాత్రం ఆ పొట్లం వంకే చూస్తూ కూర్చున్నాను. వద్దన్న దానికి పళ్ళ ముక్కలు కూడా వచ్చాయి. కావాలనుకుంటున్న దానికి జామకాయ గింజ కూడా రాలేదు.

ఇక నేనొక్కదాన్నే కదా మిగిలింది అనుకున్నాను. ఆ రోజు నుంచి నేను వేసిన వేషాలు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇంట్లో ఎప్పుడూ పసుపు ముట్టుకోనిదాన్ని, వంటింట్లో గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని పసుపు కొమ్ములు నూరడం మొదలుపెట్టాను. పండగ ఇంకా రానే లేదు, అయినా సరే. అమ్మ వెనక నుంచి వచ్చినప్పుడల్లా మెడ నిక్కించేదాన్ని. ఆవిడ ఉప్పు డబ్బా తీసుకుని వెళ్ళిపోయేది.

పండగ దగ్గరపడ్డాక ఓ సాయంత్రం సెంటరు నుంచి వస్తుంటే, మా గుడికే వచ్చే గంజాం వాళ్ళింటి కోడలు కూరల బజారులో ఎదురొచ్చింది. ఒరియా, తెలుగు కలగలిపి మాట్లాడే మంచి మనిషి. నా చేతులు పట్టుకుని, మీ అమ్మగారు చాలా పెద్ద మనసు చేసుకున్నారు, ఇన్ని తరాల ఘటం మా ఇంటికి ఇస్తున్నారు, ఆశీర్వాదం తీసుకోడానికి ఎప్పుడు రమ్మంటారు అంది. గుడి కమిటీ వాళ్ళతో కూడా అమ్మ చెప్పేసిందట. మా ఇంట్లో ఇక ఎత్తేవాళ్ళు లేరని.

ఎత్తేవాళ్ళు లేరు. ఆ మాట పట్టుకుని మెట్లన్నీ ఎక్కాను.

అమ్మ బాల్కనీలో ఉంది. కింద కూరలవాడు తాడు చివర సంచిలో వంకాయలు వేశాడు, ఈవిడ ఆ అరిగిన మెడతో తాడు పైకి లాగుతోంది. నేను తాడు లాక్కుని, అలాగే చేత్తో పట్టుకుని, మొదలుపెట్టాను. ఆ నవలల్లో కారులో జరిగే దెబ్బలాటని నేను క్లాసులో ఎన్నిసార్లు వెక్కిరించానో. నేను చేసింది దానికన్నా ఘోరంగా ఉంది. ఫస్టు వచ్చిన నాటి కాగితం దగ్గర్నుంచి తవ్వాను. ఇంజనీరింగు, ట్వంటే సంబంధం, ఉద్యోగం, ఏదీ వదల్లేదు. లోకంలో తల్లులందరూ పిల్లల్ని ఏదో ఒకటి కమ్మని పీక్కుతింటారు, నువ్వు నన్ను ఒక్కసారైనా ఏదైనా అడిగావా అన్నాను. చివరికి కుండ కూడా పరాయి ఇంటికి ఇస్తావు గానీ నా తల మీద పెట్టవు, నేనంటే అంత లెక్కలేనిదాన్నా అన్నాను. మేనకోడలు గుమ్మంలో నిలబడి నోరు తెరుచుకుని వింటోంది. తాడు చివర వంకాయలు గాలిలో ఊగుతున్నాయి.

అమ్మ నా వైపు చూడలేదు. బాల్కనీ చువ్వలు పట్టుకుని వీధి వంక చూస్తూ, మెల్లిగా చెప్పింది.

"మీ ముత్తాత నెత్తి మీద బస్తా. మీ తాత నెత్తి మీద బస్తా. మీ నాయనమ్మ నెత్తి మీద గంప, తరవాత నా నెత్తి మీద గంప. ఈ కొంపలో నెత్తి మీద ఏటీ లేకండా నడిసినోళ్ళు లేరే. నువ్వు కడుపున పడినప్పుడే అనుకున్నాను, ఈ గుంట నెత్తి మీద నాను ఏటీ ఎట్టకూడదని. డాట్రవ్వమంటే అదీ బరువే గదా. పెళ్ళి సేసుకోమంటే అదీ బరువే. అందుకే నీ ఇష్టం, నీ ఇష్టం అనుకుంటా వచ్చినాను. నోటి దాకా ఎన్ని మాటలు వచ్చీసేవో, మింగీసేదాన్ని. మరిప్పుడు కుండెట్టమంటే ఎలగ ఎడతానే?"

నేను తాడు వదిలేశాను. వంకాయలు ధబ్బున వీధిలో పడ్డాయి. కింద కూరలవాడు ఏదో అరిచాడు.

చూశారా. కోరిక లేకపోవడమేమిటి, డాక్టరు కన్నా పెద్ద కోరికే పెట్టుకుని కూర్చుంది ఈవిడ. అదీ నాకొక ముక్క చెప్పకుండా. నేను నా ఇష్టం అనుకుని చేసినవన్నీ ఆవిడ ఇష్టమే. తల మీద ఏమీ లేకుండా చేతులూపుకుంటూ నడిచి చూపించాను, అమ్మ ఏం కోరుకుందో సరిగ్గా అదే అయ్యాను. ఆ తైవాన్ పిల్లలు కనీసం మధ్యలో ఒక కేకు అయినా చేసి ఎదిరించారు. నేను బుద్ధిమంతురాలిలా ఒక్కసారి కూడా ఎదిరించలేదు. తీరా ఈ వయసులో, ఆ దిక్కుమాలిన పుస్తకాల్లో చిట్టచివరి పేజీల్లో పిల్ల చేసే పని నా నెత్తిన పడింది. తల్లి కోరినది కాదనాలి.

"అమ్మా, నాకది కావాలి" అన్నాను.

ఇంట్లో ఇన్ని తరాల్లోనూ ఎవరూ అనని మాట. అమ్మ అప్పుడు తిరిగి చూసింది.

"అడిగీసినావు గదే. అడిగినోళ్ళకి ఇవ్వకూడదు."

"అడక్కపోతే ఇచ్చేదానివా?"

లేదు అంది. ఆవిడకి అబద్ధం ఆడటం కూడా చేతకాదు. అక్కడితో ఆ మాట ఆగిపోయింది. మేనకోడలు కిందకి వెళ్ళి పగిలిన వంకాయలు ఏరుకొచ్చింది. ఆ రాత్రి అవే కూర చేసుకుని ఎవరి కంచంలోకి వాళ్ళు చూసుకుంటూ తిన్నాం.

తర్వాత రోజుల్లో నేను పసుపు నూరడం మానేశాను. దొంగ వేషాలకి అర్థం ఏముంది ఇక. ట్వంటే కుండ మాత్రం ఇంటి మూలనే ఉంది. గంజాం వాళ్ళింటికి ఇంకా ఎందుకు పంపలేదో నేను అడగలేదు. అడిగి బాగుపడింది చాలు. ఒక మధ్యాహ్నం అమ్మ గుడికి వెళ్ళి ఆలస్యంగా వచ్చింది. ఎక్కడికెళ్ళావని మనవరాలు అడిగితే, అమ్మోరితో పనుండి అంది. దారిలో గంజాం వాళ్ళింటి గడప కూడా ఎక్కి వచ్చిందని ఆ తర్వాత ఎప్పుడో తెలిసింది.

పండగ పొద్దున్న కరెంటు లేదు. గుడికి పసుపు తీసుకెళ్ళాలి, మిక్సీ తిరగదు. ఎవరో ఒకరు నూరాలి గనక నేనే రుబ్బురాయి ముందు కూర్చున్నాను. ఈసారి నిజంగానే ఏమీ ఆశించలేదు. నిద్ర సరిపోక, సెంటరులో దిద్దాల్సిన వ్యాసాల గురించి ఆలోచిస్తున్నాను. మా పిల్లలు అందరూ ఒకేలా రాశారు, తన కల నిజం చేసుకున్న ఆ నవలలో పిల్ల గురించి.

తల మీద మెత్తగా ఏదో కూర్చుంది. అమ్మ ఆకుపచ్చ చీర వాసన, పసుపూ పాత చెమటా కలిసిన వాసన వచ్చింది. తర్వాత రెండు అరచేతులు పడ్డాయి. ఆ పాడైపోయిన మెడతో, ఆ లేవని చేతులతో ఆవిడకి అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో. నా గడ్డం గుండెకి ఆనబోయి ఆగింది. రుబ్బురాయి మీద చెయ్యి ఆగిపోయింది. గుమ్మంలో మేనకోడలు ఫోను ఎత్తి పట్టుకుంది, మళ్ళీ ఎందుకో దించేసింది.

"బరువుందేటి?" అని అడిగింది అమ్మ.

"ఉందమ్మా" అన్నాను.

నాయనమ్మ అన్నట్టే "ఉంటాది మరి" అంటుందని చూశాను. అనలేదు. చేతులు తియ్యలేదు కూడా. ఇంకా నొక్కమ్మా అన్నాను.

"నీ ఇష్టమే అమ్మీ" అని, ఒంట్లో ఉన్న బరువంతా నా మీద వేసింది.